బుఢీని నిలబడనివ్వని మామగారు

మా మామగారు పోయిన కబురు నాకు జేకేపూర్‌లో, మిల్లు పొద్దుటి షిఫ్టులో ఉండగా అందింది. సెమిలిగుడ నుంచి ట్రంకాల్ వచ్చిందని గుమస్తా కేకేస్తే పరుగెత్తాను. అటువైపు మా బావమరిది. ఏడుస్తాడనుకున్నాను. పళ్ళు కొరుకుతున్నాడు.

"బావా, నాన్న పోయేడు. బుఢీ కొట్టీసింది."

బుఢీ అంటే ఒడియాలో ముసలిది. మామగారి కారుకు కొండవాళ్ళు పెట్టిన పేరు అది. ఆ పొద్దున ఆయన ఎప్పటిలాగే బండి ముందు వంగి, ఇనప హ్యాండిల్ దూర్చి ఇంజను తిప్పుతుంటే అది ఎదురు తన్నింది. హ్యాండిల్ విసురుగా వెనక్కి తిరిగి గుండెల మీద కొట్టింది. డెబ్భై దాటిన మనిషి, వెల్లకిలా పడ్డారు. ఆ చుట్టుపక్కల ఎవరికి ఏం జరిగినా ఆసుపత్రికి మోసింది బుఢీయే. ఆయన్ని తీసుకెళ్ళడానికి మాత్రం ఇంకో బండి వెతకాల్సి వచ్చింది. అది దొరికేలోగా అయిపోయింది.

పన్నెండో రోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన లేచి, "ఎవరినీ పల్లెత్తు మాట అనెరగని శాంతమూర్తి" అని మాట్లాడాడు. తలుపు చాటున కూర్చున్న మా అత్తగారు అంత దుఃఖంలోనూ నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన గురించి అబద్ధం చెబితే ఎక్కడున్నా దిగొచ్చి కొడతారు. కొట్టడం ఆయనకి కొత్త కాదు. నన్నే కొట్టారు. మనవాళ్ళలో అల్లుణ్ణి చెంప మీద కొట్టిన మామగారు నేను ఎరిగినంతలో ఈయనొక్కరే. ఆ దెబ్బ తిన్నవాణ్ణి కనక ఆయన గురించి నిజం చెప్పే హక్కు నాకు ఎక్కువ ఉందనుకుంటాను.

వాళ్ళది తాతలనాడు విజయనగరం వైపు నుంచి కొరాపుట్ కొండలకి జమీందారీ ఎస్టేటు కచేరీ ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబం. మామగారు వయసులో ఉండగా ఎస్టేటు వారి గ్యారేజీ చూసేవారు. ఎస్టేటు రద్దయ్యాక అక్కడి బళ్ళు తలో దిక్కూ పోయాయి. ఒకటి ఈయన చేతికి వచ్చింది. ముప్పైల నాటి అమెరికా బండి. వెనక్కి మడిచేసే గుడ్డ కప్పు, ఎక్కడానికి పక్కన పొడుగాటి మెట్టు, ఇత్తడి చట్రాల దీపాలు, లోపల ఎర్రని తోలు సీట్లు. ఒకప్పుడు దొరలు వేటకి వెళ్ళిన బండి. ఈయన తెచ్చిన వారంలోనే అందులో అల్లం బస్తాలు వేశారు. చుట్టాలు ముక్కున వేలేసుకుంటే అందరికీ ఒకటే జవాబు.

"గేరేజీలో మూడు బళ్ళుండేయి. రెండింటికి ముసుగేసి, బొట్టెట్టి, దీపమెట్టేరు. ఆటిని ఎలకలు తిన్నాయి. దీన్ని నాను తోలేను. ఇదుంది."

నా పెళ్ళి అరవైల నడిమధ్యలో. మనుగుడుపులకి మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఆయనే రాయగడ స్టేషన్‌కి బుఢీ వేసుకొచ్చారు. నేను పట్టుపంచె, జరీ కండువాతో దిగాను. వెనక సీట్లో ఓ ఉప్పు బస్తా, ఓ కిరసనాయిలు డబ్బా, కాళ్ళు కట్టేసిన మేకపోతు. మేకపోతు నా విందుకే. అది నా ఒళ్ళో తల పెట్టి సెమిలిగుడ దాకా వచ్చింది.

ఆయన తోలడం గురించి ఏం చెప్పను? లక్ష్మీపూర్ కొండ ఎక్కుడులో ఎదురుగా వచ్చిన లారీ దారి ఇవ్వలేదు. మామగారు బుఢీని రోడ్డుకి అడ్డంగా ఆపి, సీటు కింద నుంచి ఇనప హ్యాండిల్ తీసుకుని, నడుచుకుంటూ వెళ్ళి లారీ దీపం పగలగొట్టారు. లారీవాడు జాకీ రాడ్డుతో దూకాడు. ఇద్దరూ ఆ దుమ్ములో ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్నారు. ఈయన నుదురు పగిలింది, వాడి పన్ను ఊడింది. నేను కిందికి దిగబోతే మా ఆవిడ కండువా పట్టుకుని ఆపింది. కొంతసేపటికి చూద్దును కదా, ఇద్దరూ లారీ మెట్టు మీద కూచుని ఒకే అగ్గిపుల్లతో చుట్టలు వెలిగించుకుంటున్నారు. మామగారు నెత్తురు తుడుచుకుంటూ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని, "అల్లుడుగారూ, బయపడ్డారేటి?" అని మర్యాదగా అడిగారు.

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను ఓదార్చింది. "మీరున్నారని నాన్న ఇయ్యాల మెల్లిగా తోలేరు."

మెల్లగా అన్న మాట ఆయన దేనికీ ఎరగరు. తలుపు వేస్తే గోడ అదిరేది. ముద్దు చేస్తే పిల్లలు ఏడ్చేవారు. తిట్లకి మాత్రం పద్ధతి ఉండేది. లారీవాళ్ళని హిందీలో, పోలీసుల్ని ఒడియాలో, బుఢీని తెలుగులో తిట్టేవారు. ఇంట్లోవాళ్ళని తిట్టే భాష అది. ఎక్కుడులో ఇంజను ఆయాసపడితే దిగి, రేకు మూత మీద అరచేత్తో నాలుగు బాది, "తిన్నావు కదే పెట్రోలు, ఎక్కడికెల్లింది?" అని నిలదీసేవారు. ఎంత సొట్ట పడ్డా బాగు చేయించేవారు కాదు. ఏ సొట్ట ఎప్పుడు పడిందో చెప్పమంటే మాత్రం కూచోబెట్టి చెప్పేవారు. ఆయన కుడి మణికట్టు కొంచెం వంకర. అదీ బుఢీ తన్నిందే. కట్టు విప్పిన రోజునే మళ్ళీ అదే చేత్తో హ్యాండిల్ తిప్పారు.

శుక్రవారం కుందులి సంత. కొండ మీది ఊళ్ళ ఆడవాళ్ళు చీకటుండగానే దిగి వచ్చి మామగారి వాకిట్లో కూర్చునేవారు. అల్లం, చోళ్ళు, పనసకాయలు, కోళ్ళు. ఆయన వాళ్ళని అరిచి, కసిరి, బస్తాల మధ్య కుక్కి తీసుకెళ్ళేవారు. వాళ్ళూ ఆయన్ని తక్కువ తిట్టేవారు కాదు. అల్యూమినియం ఫ్యాక్టరీ వచ్చి సెమిలిగుడ రోడ్డంతా కొత్త జీపులూ లారీలూ నిండిపోయాక కూడా వాళ్ళు బుఢీ కోసమే కూర్చునేవారు.

ఇక నా సంగతి. నేను మిల్లులో యంత్రాల మధ్య బతికే మనిషిని. మంచి యంత్రం పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేను. బుఢీలాంటి బండి మళ్ళీ ఎవరూ చెయ్యరు. ఆ ఇత్తడి దీపం వంపు చూస్తే చేసినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అలాంటిదాని సీట్ల మీద కోడిరెట్టలు. తోలితే అరుగుతుంది, అరిగితే పోతుంది, పోతే మళ్ళీ రాదు. ఈ మాట నేను ఆయనకి పండక్కీ పబ్బానికీ చెబుతూనే ఉన్నాను. ఆయన వింటూనే బస్తాలు వేస్తూ ఉండేవారు.

విశాఖపట్నంలో పాత కార్లంటే ప్రాణం పెట్టే ఒక పెద్దమనిషి ఉన్నాడని తెలిసి వెళ్ళి చూసొచ్చాను. పొడుగాటి షెడ్డులో వరసగా కార్లు. ఒక్కోదానికి కొలిచి కుట్టించిన ముసుగు. టైర్లు నేలకి ఆనకుండా ఇరుసుల కింద చెక్క దిమ్మలు. సీటు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. బుఢీ ఉండాల్సిన చోటు ఇదే అనిపించింది. ఆయన్ని సెమిలిగుడ రమ్మని పిలిచాను.

ఆయనకి కుదిరింది శుక్రవారం. బుఢీ సంతకి వెళ్తే సాయంత్రం ఏ అవతారంలో తిరిగొస్తుందో నాకు తెలుసు. అందుకని తెల్లవారకుండానే లేచి, ఇంజనులో నిప్పురవ్వని పంచే చిన్న నల్ల ముక్క, రోటర్ అంటారు, అది తీసి జేబులో వేసుకున్నాను. అది లేకపోతే దేవుడొచ్చి తిప్పినా ఇంజను పలకదు.

మామగారు హ్యాండిల్ తిప్పారు. ప్లగ్గులు విప్పి తుడిచి మళ్ళీ తిప్పారు. పెట్రోలు గొట్టం నోటితో ఊది మళ్ళీ తిప్పారు. చొక్కా తడిసి ముద్దయింది, అరచేతులు పొక్కులెక్కాయి. రేకు మూత మీద బాదిన బాదుళ్ళకి వీధి లేచింది. బండిలో ఎక్కి కూర్చున్న ఆడవాళ్ళు పొద్దెక్కేదాకా చూసి, ఒక్కొక్కరే దిగి, బరువులు నెత్తికెత్తుకుని కుందులి దారి పట్టారు. మామగారు గేటు దగ్గర నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశారు.

విశాఖ పెద్దమనిషి వచ్చాడు. తెల్లప్యాంటు, తెల్లటోపీ. బుఢీ చుట్టూ ప్రదక్షిణం చేశాడు. సీటు తోలు మీద వేలు ఆనీ ఆనకుండా రాసి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇకమీదట దీన్ని కదపకూడదండీ. కదిపినకొద్దీ ఆయుష్షు తగ్గిపోతుంది" అన్నాడు.

"కదపకపోతే పెరుగుతాదా?" అన్నారు మామగారు.

"ఇలాగే ఉంటుంది."

"ఏటికుంటాది?"

"చూడ్డానికండీ. మన తర్వాతవాళ్ళు చూడొద్దూ?"

మామగారు ఇత్తడి దీపం మీది దుమ్ము బొటనవేలితో తుడిచారు. మెత్తబడుతున్నారని నేను సంబరపడిపోయాను. ఇంజను చప్పుడు కూడా వినిపిస్తే ఆ పెద్దమనిషి పడిపోతాడని, ఎక్కడ ఉన్నానో మరిచిపోయి, జేబులోంచి ముక్క తీసి దాని చోట పెట్టి హ్యాండిల్ తిప్పాను. మొదటి తిప్పుకే బుఢీ పలికింది. పులకించిపోయి వెనక్కి తిరిగాను. మామగారు నా ఎదురుగా ఉన్నారు.

"అల్లుడుగారూ, ఆ ముక్క మీ జోబీలోకెలాగొచ్చింది?"

ఉన్నది చెప్పాను. నాకు దాచడం చేతకాదు.

"ఆళ్ళు నెత్తిన బరువెట్టుకుని నడిసెల్లేరండీ" అన్నారు.

అండీ అంటూనే కొట్టారు. కళ్ళద్దాలు ఎగిరి తులసికోట దగ్గర పడ్డాయి. ఎడమ చెవిలో హోరు మూడు రోజులు తగ్గలేదు. విశాఖ పెద్దమనిషి టోపీ మరిచిపోయి వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి అత్తగారు వాకిట్లోకి వచ్చి, కళ్ళద్దాలు ఏరి నా చేతికిచ్చి, మామగారి వైపు తిరిగారు.

"పెళ్ళిలో కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన జల్లుకున్నారు కదా అల్లుడుబాబువి. ఆ సేత్తోనే కొడతారేటి?" అన్నారు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

నేను బస్సెక్కి జేకేపూర్ వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. ఒక్క సంత పోతే ఏమైంది? బండి దక్కేది. అదలా ఉంచితే, అలిగిన అల్లుడు తిరిగి గడప తొక్కాలంటే మామ స్వయంగా వచ్చి కొత్త బట్టలు పెట్టి పిలవాలి. అది మా ఇళ్ళల్లో మర్యాద. ఏడాది దాటినా ఆయన రాలేదు. పండగలకి మా ఆవిడ పిల్లల్ని తీసుకుని ఒక్కతే వెళ్ళొచ్చేది. వచ్చాక నాతో పొడిపొడిగా మాట్లాడేది. అటు తండ్రితోనూ అంతేనట. మధ్యలో నలిగిపోయింది ఆవిడే.

ఓ ఆదివారం కాలనీ అంతా దద్దరిల్లేలా హారను వినిపించింది. గేటు ముందు బుఢీ. మామగారు దిగి లోపలికి వచ్చి, కాగితం పొట్లం నా ఛాతీ మీదికి విసిరారు. కొత్త పట్టుపంచె, ఉత్తరీయం.

"ఇయి కట్టుకోండి. మీ అత్తగారు నాతో మాటాడ్డం మానీసింది."

"నన్ను కొట్టినందుకు ఏమంటారు?" అన్నాను.

"ఏటంటాను. నాను తప్పు సెయ్యలేదండి. మీరూ సెయ్యలేదనుకోండి. కట్టుకుని బండెక్కండి."

పిల్లలకి పరీక్షలని మా ఆవిడ ఆగిపోయింది. కానీ పంచె మడత ఆవిడే విప్పి నా చేతికిచ్చింది. ఏడాదిగా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. కట్టుకున్నాను.

లక్ష్మీపూర్ దాటి మలుపులు మొదలయ్యాక, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద బస్తాలు చెల్లాచెదురుగా కనిపించాయి. ఆ పైన లారీ. బోల్తా పడి చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. సరుకు మీద కూర్చుని ప్రయాణం చేస్తున్న మనుషులు లోయవైపు రాళ్ళల్లో పడి ఉన్నారు. కొందరు అరుస్తున్నారు. కొందరు అరవడం లేదు. నేను తేరుకునేసరికి మామగారు ఒకణ్ణి భుజాన వేసుకుని పైకి వస్తున్నారు.

వెనక నుంచి ఇంకో లారీ వచ్చింది. డ్రైవరు చూసి, పోలీసు కేసులో ఇరుక్కుంటానని పక్కనుంచి పోనివ్వబోయాడు. మామగారు మెట్టు మీదికి ఎగిరి, కిటికీలోంచి వాడి జుట్టు పట్టుకుని, హ్యాండిల్‌తో భుజం మీద ఒక్కటి వేశారు. ఎముక చప్పుడు నాకు వినిపించింది. వాడు ఏడుస్తూ దిగి, ఒంటి చేత్తో గాయపడ్డవాళ్ళని ఎక్కించాడు. బాగా దెబ్బ తగిలినవాళ్ళని మాత్రం మామగారు బుఢీలోకే తెచ్చారు. ఒకడి తొడ మోకాలి దాకా చీలిపోయింది. నెత్తురు కారడం కాదు, చిమ్ముతోంది. వాణ్ణి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఆ ఎర్ర తోలు.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. రెప్పపాటే అయి ఉంటుంది. మామగారు చూశారు. ఈసారి కొట్టలేదు. నా నడుముకున్న కొత్త పంచె అంచు పట్టుకుని ఒక్క లాగు లాగారు. పళ్ళతో కొరికి, నిలువునా చింపి, వాడి తొడకి బిగించి కట్టారు. మిగతాది ఇంకొకడి తలకి చుట్టారు. ఉత్తరీయం మూడోవాడి చేతికి. నేను కొరాపుట్ రోడ్డు మీద చెడ్డీతో నిలబడి ఉన్నాను. అప్పుడు ఆ తొడ చీలినవాణ్ణి సీటు మీద పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకున్నాను.

అంత వేగం ఆ బండిలో ఉందని నేను అనుకోలేదు. మలుపు మలుపుకీ చక్రం గాల్లోకి లేస్తోంది. ఒళ్ళో ఉన్నవాడు నా చొక్కా పట్టుకుని ఏదో పేరు పిలుస్తున్నాడు. తర్వాత పిలవడం మానేశాడు. చొక్కా మాత్రం వదల్లేదు.

"పోయేడా?" అన్నారు మామగారు, వెనక్కి చూడకుండానే.

"పోయాడు."

"మిగతావోళ్ళున్నారు" అని ఇంకా తొక్కారు.

మిగతావాళ్ళు బతికారు. కొరాపుట్ ఆసుపత్రిలో వాళ్ళని అప్పగించాక మామగారు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కూర్చుని, నుదురు స్టీరింగ్‌కేసి కొట్టుకోవడం మొదలుపెట్టారు. మెల్లగా కాదు. ఆయనకి మెల్లగా రాదని చెప్పాను కదా. నుదురు చిట్లింది. ఎంత గుంజినా ఆగడం లేదు. ఇంకేం చెయ్యాలో తెలియక చెంప మీద నా శక్తికొద్దీ ఒక్కటి కొట్టాను. ఆగారు. నా వంక చూశారు.

"ఇంక సమానం అల్లుడా" అన్నారు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

ఎవరో ఇచ్చిన లుంగీ చుట్టుకుని సెమిలిగుడ గడప తొక్కాను. అత్తగారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, నెత్తురు చూసి గొల్లుమని, అందరం బాగానే ఉన్నామని తెలిశాక, "కొత్త బట్టలేవి?" అని అడిగారు.

"ఎవులికి కావాలో ఆళ్ళకి కట్టీసేం" అన్నారు మామగారు.

సీటు ఎంత కడిగినా పోలేదు. నీళ్ళతో కడిగాం, సబ్బుతో తోమాం. ఆ తోలు నల్లబడి, బిరుసెక్కి, అక్కడక్కడా బీటలిచ్చింది. కొత్తది వేయిద్దామని నేను అనలేదు. ఆయనా అనలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆ సీటు మీద కూర్చుని ఆలోచించాను. పాత కార్లు దాచేవాళ్ళు, బండి ఆనాటిది ఆనాటిలాగే ఉండాలంటారు. ఏనాటిలాగ? కార్ఖానాలోంచి బయటికొచ్చిన నాటిలాగా, వాడు నా చొక్కా పట్టుకున్న నాటిలాగా? ఆయనకి ఈ ప్రశ్నే తట్టేది కాదు.

ఆ తర్వాత మా పోట్లాట ఆగిందనుకునేరు. చివరిదాకా సాగింది. నేను దాచమంటాను, ఆయన తోలతానంటారు. కానీ ఏది విరిగినా కబురు నాకే. నేను రాయగడలో లేతు పనివాడి దగ్గర కూర్చుని ఆ ముక్క చేయించి పట్టుకెళ్ళేవాణ్ణి. జీపు రేడియేటరు వచ్చి చేరింది, లారీ దీపం ఒకటి వచ్చి చేరింది. "నువ్వు దాస్తానన్నావు కదా, ఇలాగ దాయి" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకిప్పుడు కావాలి. ఎక్కడ వెతకను?

ఇప్పుడు ఆయన పోయిన రోజుకి వస్తాను. నేను చేరేసరికి మా బావమరిది గునపం పట్టుకుని బుఢీ మీద పడి ఉన్నాడు. ముందు అద్దం పగిలిపోయింది. తండ్రిని చంపిందాన్ని ముక్కలు చేస్తానంటాడు. నలుగురు పట్టుకున్నా ఆగడం లేదు. అత్తగారు శవం దగ్గర నుంచి లేచి వచ్చి గునపం లాక్కున్నారు.

"ఆయన దాన్ని తన్నేడు, అదీ ఆయన్ని తన్నింది. మజ్జెన నువ్వెవులివిరా?" అన్నారు.

వాడు అక్కడే కూలబడిపోయాడు.

కర్మకాండ అయ్యాక బండి సంగతి వచ్చింది. ఇంట్లో ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు. బావమరిది దాన్ని చూస్తే పళ్ళు నూరుతున్నాడు. విశాఖ పెద్దమనిషి కబురు తెలిసి, ఇప్పటికైనా ఇస్తారా, కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటానని మనిషిని పంపాడు. పెద్దల్లుణ్ణి కనక నన్ను అడిగారు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటే చెప్పాను. ఇచ్చేయండి, అక్కడైతే నిలుస్తుంది అన్నాను. నమ్మే చెప్పాను.

"కొట్టేవోడు లేడు కదా. మీ ఇష్టం బాబూ" అన్నారు అత్తగారు.

లారీ వచ్చింది. ఆరోజు శుక్రవారమని ఎవరికీ తట్టలేదు. ఇంకా తెలవారుతూ ఉంది. లారీ వెనక పలకలు వాల్చి, బుఢీ ఇరుసుకి తాడు కడుతున్నారు. అప్పుడు గేటు తోసుకుని కొండ ఆడవాళ్ళు వచ్చారు. ముందున్న ముసలామె కోళ్ళగంపతో తిన్నగా వచ్చి, తలుపు తీసి, ఆ నల్లబడ్డ సీటు మీద తన చోట్లో కూర్చుంది. మిగతావాళ్ళు బస్తాలు మెట్టు మీద సర్దుకుంటున్నారు. పోయిన రెండు శుక్రవారాలూ గేటు మూసి ఉంటే, బుఢీకి జబ్బు చేసిందనుకుని నడిచి వెళ్ళిపోయారట.

"బుఢా కాహిఁ? బెళ హెలాణి" అంది నాతో. ముసలాయన ఏడీ, పొద్దెక్కిపోతోంది అని.

చెప్పాను. నాకొచ్చిన ఒడియాలో, ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతో తలుపు మీద దబదబా బాదింది. తన నుదురు బాదుకుంది. గంపలో కోళ్ళు గోలపెట్టాయి. పెద్దగా రాగం తీసి ఏడ్చింది, మధ్యలో ఆయన్ని తిట్టింది. లారీవాళ్ళు తాడు పట్టుకుని నిలబడిపోయారు. చాలాసేపటికి ఆమె ముక్కు చీది, కళ్ళు తుడుచుకుని, కోళ్ళగంప ఒళ్ళోకి తీసుకుంది. దిగలేదు.

అందరూ నా వంక చూస్తున్నారు. బావమరిది, మా ఆవిడ, లారీవాడు. నేను ఆ షెడ్డు గురించి ఆలోచించాను. కొలిచి కుట్టించిన ముసుగు, చెక్క దిమ్మలు. అక్కడ బుఢీ ఇంకో వందేళ్ళుంటుంది. ఆ మాట ఇప్పటికీ నిజమే.

తాడు విప్పమన్నాను.

హ్యాండిల్ చేతిలోకి తీసుకుంటే మా ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కొంతసేపటికి తనే వదిలింది. వంగి, ఊపిరి బిగబట్టి తిప్పాను. బుఢీ ఒక్కసారి తుళ్ళి, నన్ను తన్నకుండా, పలికింది.

నాకు ఆయనలా తోలడం రాదు. అద్దం లేని బండి, మొహానికి చలిగాలి, కళ్ళలో నీళ్ళు, దారి మసక. జాగ్రత్తగా, గుంత గుంతకీ ఆపి, సొట్ట పడకుండా పోనిస్తున్నాను. కుందులి మలుపుల్లో నడిచివెళ్ళేవాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. వెనక నుంచి ఆ ముసలామె ఏడుస్తూనే పిడికిలి బిగించి నా వీపు మీద గుద్దడం మొదలుపెట్టింది. "జోర్‌రే చలా, జోర్‌రే చలా" అంటూ, జోరుగా తోలమని, సంత వచ్చేదాకా గుద్దుతూనే ఉంది.